కిటికీ తీర్పుకు అప్పీలు లేదు

అమెరికా విజిటర్ వీసా ఇవ్వకపోతే సవాలు చేస్తామని బయలుదేరే మా అనంతపురం పెద్దమనుషులకు ఒక విన్నపం. మీ ఆవేశం న్యాయమైనదే కావచ్చు గాని, తట్టడానికి అవతల తలుపంటూ ఒకటి ఉండాలి కదా. ఆ దేశపు 1952 నాటి వలస చట్టంలోని 214(బి) సెక్షను ప్రకారం, చుట్టపుచూపుగా వస్తానన్న ప్రతి మనిషీ అక్కడే తిష్ఠ వేయడానికి వస్తున్నట్టే లెక్క. కాదని నిరూపించుకోవలసిన భారం ఆ మనిషిదే. దొంగను కూడా నేరం రుజువయ్యేదాకా నిర్దోషిగా చూడమన్న దేశం, కూతురి కాన్పుకు పోయే తల్లి విషయంలో మాత్రం అంత తొందరపడి మంచితనం చూపరాదని నిర్ణయించుకున్నట్టుంది.

కాన్సులేటులో వీసా అధికారి కాదన్నాక పైన వినే నాథుడు లేడు. వీసా ఇవ్వడం, మానడం అనే అధికారాన్ని విదేశాంగ మంత్రి చేతికి కూడా అందకుండా ఆ చట్టమే విడిగా పెట్టింది. ఇందులో తాము సాధారణంగా వేలు పెట్టబోమని అక్కడి సుప్రీంకోర్టు 2024లో మరోమారు చెప్పింది. మన కలెక్టరేట్‌లో సోమవారం గ్రీవెన్సుకు పోతే, పని కాకపోయినా అర్జీకి రసీదైనా ఇస్తారు. ఆ రసీదు పట్టుకుని వచ్చే సోమవారం మళ్లీ పోయి నిలదీయవచ్చు. ఇంత వెనకబడిన పద్ధతిని ఇంకా పట్టుకుని వేలాడుతున్నందుకు మనమే సిగ్గుపడాలి. బంధువులను చూడబోయేవారికి పూర్తి అప్పీలు హక్కు ఇచ్చిన బ్రిటన్ సైతం, మానవ హక్కులు, జాతి వివక్ష వాదనలు మాత్రం మిగిల్చి, 2013లో దాన్ని తీసేసి దారికొచ్చింది. యూరప్‌లో ఒకే వీసాతో తిరగనిచ్చే షెంగెన్ దేశాలు మాత్రం కారణం కాగితం మీద రాసిచ్చి మరీ అప్పీలు చేసుకోమంటున్నాయి. పాపం, వాళ్లకు లోకజ్ఞానం తక్కువ.

ఇక రుజువుల సంగతి. మా వీధిలో ఒక పెద్దావిడ పట్టాదారు పాసుపుస్తకం, భూమి వివరాల 1బి నకలు, బ్యాంకు స్టేట్‌మెంటు, ఆడిటరు సంతకం చేసిన ఆస్తుల లెక్క, కూతురి శ్రీమంతం ఫొటోలు ప్లాస్టిక్ కవర్లలో వరుసగా సర్ది, ఆ ఫైలును రాత్రంతా బస్సులో ఒళ్లోంచి దించకుండా వీసా ఇంటర్వ్యూకు తీసుకుపోయింది. కిటికీ అవతలి అధికారి దాని వంక చూడనే లేదు. ఎందుకు పోతున్నారు, అల్లుడు ఏం చేస్తాడు, ఇంతకు ముందు ఏ దేశమైనా చూశారా అని తెలుగులో అడిగించి, ఒక అచ్చు కాగితం చేతిలో పెట్టాడు. తిరిగి రాక తప్పనంత గట్టి సంబంధాలు స్వదేశంతో ఉన్నట్టు ఆమె నిరూపించుకోలేకపోయిందని దాని సారాంశం. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి జిల్లా దాటని మనిషికి సొంత నేలతో సంబంధం చాలదని తేల్చడానికి, బస్టాండులో టీ చల్లారేంత సేపు కూడా పట్టలేదు.

నిజానికి అనంతపురం మనిషిని ఈ ప్రశ్న అడగడమే విడ్డూరం. ఏడాది మొత్తానికి సగటున 550 మిల్లీమీటర్లు, అదీ అదను తప్పి పడే వానను నమ్ముకుని, జూన్ రాగానే అప్పు తెచ్చి గొర్రు కట్టి చెనక్కాయ విత్తే వంశం మాది. పోయినేడు ఎండిందని ఈ ఏడు మానుకున్న పాపాన పోలేదు. బెంగళూరికి కూలికి పోయినవాళ్లు కూడా ఊళ్లో వాన పడిందని ఫోను వస్తే తిరుగు బస్సెక్కుతారు. ఇల్లు వదిలి పారిపోయే బుద్ధే ఉంటే ఈ జిల్లా ఎప్పుడో ఖాళీ అయ్యుండేది. అయితే ఈ పిచ్చికి ఏ ఆడిటరూ సర్టిఫికెట్ ఇవ్వడు, ఏ బ్యాంకూ స్టేట్‌మెంటు తీసివ్వదు. కాబట్టి చట్టం దృష్టిలో అది లేనట్టే.

సవాలు లేదు గాని, మళ్లీ దరఖాస్తు చేసుకునే స్వేచ్ఛ మాత్రం పుష్కలంగా ఉంది. 2023లో 160 డాలర్ల నుంచి 185కు పెరిగిన ఫీజును మళ్లీ మొదటి నుంచి కట్టాలి. పాతది తిరిగి రాదు. తిరిగి రావడం మీద అంత పట్టింపు ఉన్నవారు ఈ ఒక్క విషయంలో పట్టువిడుపు చూపారు. వీసాల దేవుడని పేరుపడ్డ చిలుకూరు బాలాజీ అయినా ముందు 11 ప్రదక్షిణలతో సరిపెట్టుకుని, మిగతా 108 పనయ్యాకే వసూలు చేసుకుంటాడు.

రెండోసారి పోయేవారు తమ పరిస్థితుల్లో వచ్చిన మార్పు చూపించాలట. పెద్దావిడ ఇంట ఈ మధ్య వచ్చిన మార్పల్లా ఎనుము ఈనడమే. పొద్దున సాయంత్రం పాలు పిండాలి గనుక ఊరితో సంబంధం మరింత గట్టిపడినట్టే. డీఎస్-160 అనే వీసా దరఖాస్తు ఫారంలో ఎనుమును ఏ గడిలో రాయాలో కన్సల్టెన్సీ అబ్బాయి ఇంకా తేల్చలేదు. ఫీజు మాత్రం కట్టించేశాడు.