ఓడిన బర్సబ్బా ఎక్కడికి పోయాడు?

పోయిన డిసెంబరులో ఒకే శనివారం మన ఊళ్లో రెండు సెమీ క్రిస్మస్‌లు జరిగాయి. ఎందుకు రెండో మీకందరికీ తెలుసు. మన సంఘం కార్యవర్గం ఎన్నికలో నాలుగు ఓట్లతో ఓడిన ప్యానెల్ నెల తిరక్కుండానే వేరే సంఘం పెట్టుకుంది. ఆ ఉదయం మా చిన్నది అడిగింది, "నాన్నా, మనం ఏ క్రిస్మస్‌కి వెళ్తున్నాం?" అని. నేనేం చెప్తాను? ఫలితం చెప్పిన రాత్రి బిర్యానీ ముట్టకుండా విసురుగా కారెక్కినవాళ్లలో నేనూ ఉన్నాను.

అప్పట్నుంచి బైబిల్లోని అపొస్తలుల కార్యములు మొదటి అధ్యాయం నన్ను వదలడం లేదు. యేసును పట్టిచ్చిన ఇస్కరియోతు యూదా పోయాక పన్నెండుమంది అపొస్తలుల్లో ఒక చోటు ఖాళీ. సుమారు 120 మంది కూడారు. యోహాను బాప్తిస్మం నాటి నుంచి ఆరోహణం దాకా యేసు వెంట తిరిగినవాడే కావాలన్నారు. ఇద్దరు తేలారు: మత్తీయ, యూస్తు అనే మారుపేరున్న యోసేపు బర్సబ్బా. ప్రార్థన చేసి చీట్లు వేస్తే మత్తీయకు వచ్చింది. ఆ తర్వాత కొత్త నిబంధనలో మత్తీయ పేరే మళ్లీ కనబడదు. గెలిచినవాడి సంగతే అలా ఉంటే ఓడినవాణ్ణి ఎవరు తలుస్తారు? ఇన్నేళ్లలో బర్సబ్బా మీద ఒక్క ప్రసంగం వినలేదు నేను. పేతురు మీద మాత్రం లెక్కలేనన్ని.

యోర్దాను నుంచి ఒలీవల కొండ దాకా కాళ్లరిగేలా తిరిగిన మనిషి ఒక్క చీటీతో ఆగిపోయాడు. పోటీగా ఇంకో పన్నెండుమందిని పోగేసినట్టు మాత్రం ఎక్కడా లేదు. 4వ శతాబ్దపు చరిత్రకారుడు యూసెబియస్, తనకంటే చాలా ముందటి పాపియస్ అనే బిషప్పు మాటగా ఒకటి రాశాడు: ఈ యూస్తు విషం తాగినా ప్రభువు కృపవల్ల ఏమీ కాలేదట. అది జరిగిందో లేదో గానీ, ఓడాక కూడా అతణ్ణి విశ్వాసులు తమవాడిగానే చెప్పుకున్నారు.

చీటీలు మనకు కొత్తా? తాత పోయాక మా ఊళ్లో రెండెకరాల పంపకం. పెద్దమనుషులు కాగితాలు మడిచి స్టీలు చెంబులో వేశారు. తీసింది నేనే, ఐదేళ్లవాణ్ణి. రోడ్డు పక్క ఎకరం బాబాయికి, కాలవనీళ్లు ఎక్కని చౌడు ముక్క నాన్నకి. నాన్న "సరే" అని అక్కడికక్కడే సంతకం పెట్టాడు. ఇక్కడి పిల్లలకు ఈ కథ ఇంతవరకే చెప్తుంటాను, మన పెద్దల పెద్దరికం చూడండని. దాచిన ముక్క ఒకటుంది. తర్వాత రెండు క్రిస్మస్‌లు నాన్న బాబాయి గడప తొక్కలేదు. మూడో ఏడు అమ్మే అరిసెల పళ్లెం పట్టుకుని బయల్దేరింది. నాన్న వెనకాలే నడిచాడు, ఏదో పొలం పని ఉన్నట్టు.

వేరుపడ్డవాళ్ల ఫిర్యాదు ఉత్తిది కాదు. ఓటర్ల జాబితా రెండు రోజుల ముందు గాని బయటపెట్టకపోవడం తప్పే. అయినా అడుగుతున్నాను, ఈ డిసెంబరుకి ఒకే హాలు తీసుకోండి. కేకు ఏ అధ్యక్షుడు కోయాలో తేలకపోతే పిల్లల్ని పిలిచి చీటీ తీయిద్దాం. ఎవరి పేరొచ్చినా ఈసారి నేను భోంచేసే వెళ్తాను.