నోబెల్ నౌకాదళం

నావికులు చాలక ఉన్న ఓడలనే రేవులో కట్టేసుకున్న ఒక దేశం, ఆ లోటు పూడ్చుకోవడానికి మరో రెండు ఓడలు కొనుక్కుంది. పాఠకులు ఈ వాక్యాన్ని రెండోసారి చదవనక్కరలేదు. మొదటిసారి ఏమి అర్థమైందో అదే దాని అర్థం.

ఐర్లండ్‌లో ఉద్యోగం చేసుకుంటూ, నెలనెలా జీతంలో పన్ను కోత చూసి నిట్టూర్చే మన తెలుగువారికి ఈ దేశపు రక్షణ వ్యవహారాలు కొత్త కాదు. అయినా క్రమం కోసం చెప్పుకుందాం. న్యూజిలాండ్ నౌకాదళం 2019లో సేవల నుంచి తప్పించిన రొటోయిటి, పుకాకి అనే రెండు చిన్న గస్తీ నౌకలను ఐర్లండ్ ప్రభుత్వం 2022లో 2.6 కోట్ల యూరోలకు కొన్నది. అవి 2023 మే నెలలో కార్క్ రేవుకు చేరాయి. సొంతంగా సముద్రాలు దాటి రాలేదు. మరో భారీ సరుకుల ఓడ మీద ఎక్కి, ప్రయాణికుల్లా వచ్చాయి. ఆ ఏడాది జనవరిలోనే, సిబ్బంది లేరన్న కారణంతో, రోషీన్, విలియం బట్లర్ యేట్స్ అనే రెండు పెద్ద నౌకలను పక్కన పెట్టారు. అంటే రెండింటిని కట్టేసి, రెండింటిని తెచ్చుకున్నారన్నమాట. అంకగణితం సరిపోయింది. కొత్తగా వచ్చినవాటికి ఈవిన్, గోబ్నెట్ అని చక్కని పేర్లు పెట్టి లాంఛనంగా దళంలో చేర్చుకునేసరికి 2024 సెప్టెంబరు వచ్చింది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న మన పెద్దలు కార్క్ వైపు ఎప్పుడూ వచ్చి ఉండరు, కానీ ఎలా కనిపెట్టారో కనిపెట్టారు.

చిన్న ఓడలకు తక్కువ మంది చాలునని ప్రభుత్వ వాదన. అందులో అబద్ధమేమీ లేదు. అయితే నౌకాదళంలో 1,094 మంది ఉండాలని కాగితం మీద ఉన్న చోట, నిజంగా ఉన్నవారు ఎనిమిది వందలకు లోపే. తక్కువ మందితో నడిచే ఓడకు కూడా ఆ తక్కువ మంది కావాలి. ఈ చిన్న సాంకేతిక అవరోధాన్ని ఏ ఆధునికీకరణ ప్రణాళికా ఇంతవరకు అధిగమించలేకపోయింది.

ఈ దళానికి ఒక అంతర్జాతీయ ఘనత ఉన్నదని మాత్రం ఒప్పుకోవాలి. ఐర్లండ్ గస్తీ నౌకల్లో ముఖ్యమైన నాలుగింటి పేర్లు శామ్యూల్ బెకెట్, జేమ్స్ జాయిస్, విలియం బట్లర్ యేట్స్, జార్జ్ బెర్నార్డ్ షా. యేట్స్‌కు 1923లో, షాకు 1925లో, బెకెట్‌కు 1969లో సాహిత్యంలో నోబెల్ బహుమతి వచ్చింది. నాలుగు ఓడలకు మూడు నోబెళ్లు! ఈ నిష్పత్తిలో అమెరికా నౌకాదళం గానీ చైనా నౌకాదళం గానీ దీని దరిదాపుల్లోకి రాలేవు. దండెత్తి వచ్చే శత్రువు సాహిత్య విమర్శకుడే అయితే, కార్క్ రేవు ముఖద్వారంలోనే శిరస్సు వంచి వెనుదిరుగుతాడు.

హాల్‌బౌలైన్ దీవిలోని నౌకా స్థావరంలో ఒక సోమవారం ఉదయాన్ని ఊహించుకుందాం. నలుగురు మహా రచయితలూ వరుసగా తాళ్లతో కట్టి ఉన్నారు. ఒక అధికారి చేతిలో జాబితాతో వచ్చి, ఈ వారం సముద్రంలోకి ఒక్కరికే సిబ్బంది ఉన్నారని, ఎవరు వెళతారో మీరే తేల్చుకోవాలని వినయంగా మనవి చేస్తాడు. షా వెంటనే అభ్యంతరం చెబుతాడు. సముద్రంలోకి వెళ్లడం ఎందుకు అనవసరమో వివరిస్తూ ఆయన ఒక ముందుమాట మొదలుపెడతాడు. అది పూర్తయ్యేలోగా ఆటు పోటు రెండూ వచ్చి పోతాయి. యేట్స్ తాను 1922 నుంచి 1928 దాకా ఈ దేశపు సెనేట్‌లో సభ్యుణ్ణని, తన వంటివాణ్ణి సిబ్బంది కొరత పేరుతో పక్కన పెట్టడమే ఒక అవమానం కాగా ఇప్పుడు వంతుల కోసం పోటీ పడమనడం మరో అవమానమని గుర్తు చేస్తాడు. జాయిస్‌కు వెళ్లడంలో ఇబ్బందేమీ లేదు. యౌవనంలోనే ఐర్లండ్ వదిలి ట్రియెస్ట్, జ్యూరిక్, పారిస్‌లలో బతుకంతా గడిపినవాడు, వెళ్లడంలో ఆయనకున్న అనుభవం ఎవరికీ లేదు. అయితే తిరిగి వస్తాడన్న నమ్మకం రక్షణ శాఖకు లేదు. ఇక మిగిలింది బెకెట్. ఈ నలుగురిలో యుద్ధం ఎరిగినవాడు ఆయన ఒక్కడే. నాజీల మీద రహస్యంగా పోరాడి పతకం కూడా అందుకున్నాడు. కాకపోతే అది ఐర్లండ్ తరఫున కాదు, ఫ్రాన్సు తరఫున. శాంతిలో ఉన్న ఐర్లండ్ కంటే యుద్ధంలో ఉన్న ఫ్రాన్సే నయమనుకున్నాడని ప్రతీతి. సరే, బెకెటే వెళ్లాలని తేలుతుంది. తాళ్లు విప్పబోతుండగా ఎలక్ట్రీషియన్ లేడని కబురు వస్తుంది. అతను ఎంత దూరమూ పోలేదు. స్థావరానికి ఎదురుగా, నీటికి అవతలి ఒడ్డునే, రింగాస్కిడీలో మందుల కంపెనీలున్నాయి. అక్కడ జీతం ఎక్కువ, రాత్రికి ఇంటికి పోవచ్చు. బెకెట్ డెక్కు మీద నిలబడి చూస్తే తన ఎలక్ట్రీషియన్ అవతలి ఒడ్డున కారు నిలుపుకుంటూ కనబడతాడు. అధికారి జాబితా మడిచి జేబులో పెట్టుకుని, వచ్చే సోమవారం కలుద్దామంటాడు.

(నోబెల్ అందుకున్న నాలుగో ఐరిష్ రచయిత సీమస్ హీనీకి ఇంకా ఓడ దక్కలేదు. రిటైరైన పాత ప్రధాన నౌక ఎథ్నా స్థానంలో ఒక పెద్ద బహుళ ప్రయోజన నౌక కొంటామని ఏళ్లుగా అంటున్నారు కాబట్టి ఆయన అభిమానులు ఆశ వదులుకోనక్కరలేదు. కట్టేయడానికి రేవులో చోటు ఉంది.)

ఆకాశం సంగతి త్వరగా ముగిద్దాం, ఎందుకంటే అక్కడ ముగించడానికి పెద్దగా ఏమీ లేదు. ఐర్లండ్ వైమానిక దళానికి యుద్ధ జెట్ విమానాలు లేవు. ఉన్నవి పీసీ-9ఎం అనే స్విట్జర్లాండు ప్రొపెల్లర్ విమానాలు, అసలు పైలట్ల శిక్షణకు తయారైనవి. వాటి వేగం గంటకు 600 కిలోమీటర్లు దాటదు. 2015లోనూ 2020లోనూ ఐర్లండ్ అజమాయిషీలోని గగనతలం దగ్గర తచ్చాడిన రష్యా టీయూ-95 బాంబర్లు కూడా ప్రొపెల్లర్లవే, 1952లో తొలిసారి ఎగిరిన నమూనావే, అయినా గంటకు 900 కిలోమీటర్ల దాకా పోగలవు. అంటే డెబ్బై ఏళ్ల నాటి బాంబరును ఆపడానికి బయల్దేరిన మన వీరుడు, ఆ బాంబరు కాస్త ఆగి తనకోసం వేచి ఉంటే తప్ప, దాని తోకను కూడా చూడలేడు. ఇంతకీ అది వస్తున్నట్టు తెలిసేదెలా? దేశమంతటినీ కనిపెట్టే సైనిక రాడార్ లేదు. పౌర విమానయానపు రాడార్ ట్రాన్స్‌పాండర్ వేసుకుని తన ఉనికి తానే చాటుకునే విమానాన్ని చూడగలదు. శత్రువు మర్యాదస్తుడై ఉండాలన్నది ఈ రక్షణ విధానానికి మూలసూత్రం. మర్యాద తప్పినవాళ్ల సంగతి బ్రిటన్ వైమానిక దళం చూసుకుంటుంది. ఏ దేశపు పెత్తనం వదిలించుకోవడానికి ఈ గణతంత్రం పుట్టిందో ఆ దేశమే! దీనికి 1952 నాటి రహస్య ఒప్పందం ఉందని పత్రికలు రాస్తాయి, ప్రభుత్వం అవుననదు, కాదనదు. తటస్థ దేశం గనుక మాటల్లోనూ తటస్థతే పాటిస్తుంది.

అయితే ఐర్లండ్‌ను నిజంగా కాపాడిన దళం ఒకటి ఉంది. 2022 జనవరిలో, ఉక్రెయిన్ మీద దాడికి కొద్ది వారాల ముందు, కార్క్ తీరానికి సుమారు 240 కిలోమీటర్ల దూరాన, ఐర్లండ్‌కే ఆర్థిక హక్కులున్న సముద్ర భాగంలోనే, నిజమైన గుళ్లతో విన్యాసాలు చేస్తామని రష్యా ప్రకటించింది. విదేశాంగమూ రక్షణా రెండూ ఒకే చేత పట్టుకున్న మంత్రి సైమన్ కోవెనీ ఆందోళన వ్యక్తం చేశారు. కార్క్ పశ్చిమాన కాసిల్‌టౌన్‌బేర్ చేపలవాళ్లు మాత్రం ఆందోళన వ్యక్తం చేయలేదు. అవి మా చేపల దారులు, మేము మామూలుగానే అక్కడికి పడవలు వేసుకుని వెళతాం, మీ ఇష్టం వచ్చింది చేసుకోండి అన్నారు. వారి ప్రతినిధులు డబ్లిన్‌లో రష్యా రాయబారిని కలిసి అదే మాట ఆయన ముఖం మీదే చెప్పారు. రెండు రోజుల తర్వాత రష్యా తన విన్యాసాలను ఆ జలాల అవతలికి జరుపుకుంది. ప్రభుత్వం, చేపలవాళ్ల సంఘం చేసిన అభ్యర్థనలను మన్నించామని, ఇది సద్భావ సూచన అని రష్యా చెప్పింది, తన లేఖకు వచ్చిన జవాబని మంత్రి చెప్పుకున్నారు. చెప్పుకోనివ్వండి. వలలూ ఐసు పెట్టెలూ తప్ప వేరే ఆయుధం లేని ఆ పడవల ముందు ఒక అణ్వస్త్ర దేశపు నౌకాదళం దారి మార్చుకున్న మాట వాస్తవం. ఆ వారం పడవలు నడపడానికి మనుషులు ఉన్నారు, తేడా అంతే.

మనుషులు అన్నాక, ఉద్యోగాలు చేసుకుంటూనే వారాంతాల్లో సైన్యానికి పనిచేసే రిజర్వు దళం దగ్గరకు రాక తప్పదు. ఇక్కడికొచ్చాక నాకు నవ్వు రావడం లేదు.

2022 ఫిబ్రవరిలో రక్షణ దళాల కమిషన్ నివేదిక ఇచ్చింది. ఉన్న స్థితిలో ఈ దేశం నిలకడగా సాగే ఏ దాడినీ అర్థవంతంగా ఎదుర్కోలేదని అధికారికంగానే రాసింది. రక్షణ బలం పెంచుకోవడానికి మూడు మెట్లు చూపించి ఏదో ఒకటి ఎంచుకోమంది. ప్రభుత్వం ఆ ఏడాది జులైలో మధ్య మెట్టు ఎంచుకుని, 2028 నాటికి రక్షణ బడ్జెట్‌ను 150 కోట్ల యూరోలకు పెంచుతామంది. నాటి నుంచి ప్రకటనలే ప్రకటనలు. 2025 జూన్‌లో ఫ్రాన్సుకు చెందిన థేల్స్ సంస్థతో సోనార్ (నీటి అడుగున ఉన్నదాన్ని ధ్వనితో కనిపెట్టే పరికరం) ఒప్పందం, ఆ తర్వాత రాడార్, డ్రోన్లను అడ్డుకునే సామగ్రి, పాతబడిన కవచ వాహనాల స్థానంలో కొత్తవి. ప్రతిదాని పక్కనా నిలబడి ఒక మంత్రి ఫొటో దిగుతారు. ఎందుకంటే యంత్రం పక్కన నిలబడితే ఫొటో బాగా వస్తుంది, ఖాళీ పక్కన నిలబడితే రాదు.

ఖాళీ ఎంతంటే, పూర్తికాల దళాల్లో 9,500 మందికి పైగా ఉండాల్సిన చోట ఏడున్నర వేల మంది. రిజర్వులో 4,069 మంది ఉండాల్సిన చోట, ఇటీవలి ఏళ్లలో రెండు వేల మంది కూడా లేరు. ఐర్లండ్ అంతే జనాభా ఉన్న ఫిన్లండ్ యుద్ధం వస్తే 2,80,000 మందిని నిలబెట్టగలదు. వాళ్లకు పక్కనే రష్యా ఉంది, అది వేరు అంటారు. వేరే. కాబట్టి 2,80,000 వద్దు. మీరు మీ కాగితం మీద మీరే రాసుకున్న నాలుగు వేల మంది ఏరీ?

జనం రాకపోవడం వల్ల కాదు. వస్తున్నారు. పగలు ఉద్యోగం చేసుకుని, వారాంతాలు ఈ దేశానికి ఇస్తామని దరఖాస్తు పెట్టుకుంటున్నారు. పెట్టుకున్నవారికి పోలీసు విచారణ, వైద్య పరీక్ష, మళ్లీ ఏదో కాగితం, నెలల తరబడి మౌనం. ఏడాది దాటినవారూ ఉన్నారు. ఆ లోపు సగం మందికి ఉత్సాహం చచ్చిపోతుంది, కొందరు ఊరే మారిపోతారు. ఎలాగో చేరినవాడికి శిక్షణ కోసం సెలవు ఇచ్చి తీరాలని యజమానిని నిర్బంధించే చట్టం లేదు. తన సొంత వార్షిక సెలవులు, పిల్లలతో గడపాల్సిన ఆ కొద్ది రోజులు, బురదలో పాకడానికి ఖర్చు పెట్టుకోవాలి. పొదుపు పేరుతో 2012లో మల్లింగర్, క్లాన్‌మెల్, కావన్, కాసిల్‌బార్ బ్యారక్‌లు మూసేసినప్పుడు, ఆ ఊళ్ల రిజర్వు వాళ్లకు తమ ఊరి బ్యారక్ లేకుండా పోయింది. ఇన్ని చేసి, రిజర్వు ఎందుకు తగ్గిపోతోందో అధ్యయనం చేయాలంటారు! సిగ్గులేకపోతే సరి.

డబ్బు లేదనకండి. ఆపిల్ సంస్థ నుంచి 1,300 కోట్ల యూరోల పన్ను బకాయి వసూలు చేసుకోండని ఐరోపా చెబుతుంటే, మాకొద్దు మొర్రో అని ఏళ్ల తరబడి కోర్టుల్లో వాదించి, 2024 సెప్టెంబరులో ఓడిపోయి, ఆ డబ్బు పుచ్చుకోవాల్సి వచ్చిన ప్రభుత్వం ఇది. పార్లమెంటు ఆవరణలో సైకిళ్లు నిలుపుకునే ఒక చిన్న షెడ్డుకు 3,36,000 యూరోలు వెచ్చించిన రాజ్యం ఇది. ఇందులో ఏ వివరమూ అతిశయోక్తి కాదు, అతిశయోక్తికి చోటు మిగల్చకుండా వాళ్లే జాగ్రత్తపడ్డారు.

1978 నుంచి, మధ్యలో కొన్నేళ్లు తప్ప, లెబనాన్‌లో ఐరిష్ సైనికులు ఐక్యరాజ్యసమితి నీలి టోపీలు పెట్టుకుని కాపలా కాస్తూ వచ్చారు, చనిపోతూ వచ్చారు. భద్రతా మండలిలో తాత్కాలిక స్థానం కోసం ఓట్లు అడిగినప్పుడు వాళ్ల త్యాగాలను ఎంత గొప్పగా చెప్పుకున్నారో! అంతకు ముందు, 1961లో కాంగోలోని జాడోవిల్‌లో నూటయాభై మందికి పైగా ఐరిష్ సైనికులు, తమకంటే ఎన్నో రెట్లు ఎక్కువ మంది చుట్టుముట్టినా గుళ్లు అయిపోయేదాకా పోరాడి, ఒక్కరినీ పోగొట్టుకోకుండా లొంగిపోయారు. లొంగిపోయినందుకు ఇంటికొచ్చాక పిరికిపందల్లా చూశారు. వారికి పతకాలు ఇచ్చింది 2017లో. అప్పటికి వారిలో చాలామంది లేరు. మనుషులకు ఇవ్వాల్సినది యాభై ఆరేళ్లకు గానీ గుర్తుకు రాని వ్యవస్థ, రాడార్ ఇన్నేళ్లలో వస్తుందంటే నేను నమ్ముతాను. ఎందుకంటే రాడార్ ఒక కంపెనీ అమ్ముతుంది, ఒప్పందంలో తేదీ ఉంటుంది, ఆలస్యమైతే జరిమానా ఉంటుంది. మనిషితో అలాంటి ఒప్పందం ఎవరూ రాయలేదు.

సోనార్ 2027 నాటికి వస్తుందట. అట్లాంటిక్ అడుగున, ఐర్లండ్ జలాల్లోనూ వాటి పక్కనా, ఖండాలను కలిపే ఇంటర్నెట్ తీగలు బారులు తీరి ఉన్నాయి. వాటి మీద రష్యా నౌక యాంతర్ ఎప్పుడూ ఓ కన్ను వేసి ఉంచుతుంది, 2024 నవంబరులో ఐరిష్ సముద్రంలోకి కూడా వచ్చింది. అప్పుడు దానిని కనిపెట్టుకుని బయటికి సాగనంపింది మన జాయిస్. కాబట్టి సోనార్ కావలసిందే, కాదనను. దాన్ని లాగడానికి ఓడ ఉంది. దాని రొద అర్థం చేసుకోవడానికి శిక్షణ పొందిన మనిషిని ఎక్కడి నుంచి తెస్తారు? రిజర్వులో ఉన్న ఏ ఇంజనీరో ఆ పనికి పనికొస్తాడు, అతని కంపెనీ సెలవు ఇస్తే. ఆ సెలవు చట్టం ఎప్పుడొస్తుందని పార్లమెంటులో ఎప్పుడు అడిగినా, పరిశీలనలో ఉందన్న జవాబే వస్తోంది.