క్రికెట్ పరీక్ష గారికి, హబ్సిగూడ నుంచి

మహారాజశ్రీ క్రికెట్ పరీక్ష గారి సముఖానికి,

మీరు క్షేమమని తలుస్తాను. మీకేం, క్షేమంగానే ఉంటారు. ముప్పై అయిదేళ్లుగా అదే ప్రశ్న. పేపరు మార్చే పని లేదు, దిద్దే పని అసలే లేదు. 1990 ఏప్రిల్‌లో నార్మన్ టెబిట్ అనే బ్రిటిష్ ఎంపీ ఒక అమెరికన్ పత్రికతో మాట్లాడుతూ మిమ్మల్ని జనం మీదికి వదిలారు. బ్రిటన్‌లో ఉండే ఆసియావాళ్లు ఏ జట్టు గెలవాలని అరుస్తారో చూడండి, చాలామంది తప్పుతారు అన్నది ఆయన మాట. ఆయన 2025 జూలై 7న తొంభై నాలుగేళ్ల వయసులో కాలం చేశారు. దానికి ముందు రోజే బర్మింగ్‌హామ్‌లోని ఎడ్జ్‌బాస్టన్ మైదానంలో భారత్ తన చరిత్రలో మొదటిసారి టెస్టు గెలిచింది. ఆ సాయంత్రం ఆ ఊళ్లో మీ పరీక్ష ఎంతమంది తప్పారో లెక్క కట్టడానికి ఆయనకు ఓపిక ఉండి ఉండదు, పాపం.

టెబిట్ గారే 1981లో పార్టీ మహాసభలో తన తండ్రి గురించి చెప్పారు. ముప్పైలలో పని పోతే ఆయన గొడవలకు దిగలేదట, సైకిలెక్కి పని వెతుక్కున్నాడట. మేమూ అదే చేశాం కదండీ. హైదరాబాద్ నుంచి లండన్‌కి సైకిల్ మీద కొంచెం దూరమవుతుందని విమానం ఎక్కాం, అంతే తేడా. పని వెతుక్కుంటూ ఊరు దాటినవాడు బుద్ధిమంతుడని వాళ్లే చెప్పారు కదా అని ధైర్యంగా దిగితే, బయట మీరు ప్రశ్నపత్రం పట్టుకుని నిలబడి ఉన్నారు.

సర్కారు వారి పరీక్ష వేరే ఉంది. ‘లైఫ్ ఇన్ ద యూకే’ అంటారు. యాభై పౌండ్లు కట్టాలి. నలభై అయిదు నిమిషాల్లో ఇరవై నాలుగు ప్రశ్నలు, పద్దెనిమిది సరిపోతే పాస్. ఎనిమిదో హెన్రీకి ఆరుగురు పెళ్లాలు, ఎవరి తర్వాత ఎవరో వరసన బట్టీ పట్టాలి. మా ఇంట్లో పెళ్లిళ్ల వరసలే నాకు సరిగ్గా రావు, అయినా పట్టాను. పాసయ్యాక సింహాసనానికి విధేయంగా ఉంటానని ప్రమాణం చేయిస్తారు, చేయి కలుపుతారు, ఫొటో తీస్తారు. ఆ పరీక్ష పుస్తకంలో క్రికెట్ గురించి, ఆస్ట్రేలియాతో ఆడే యాషెస్ సిరీస్ గురించి కూడా ఉంది గానీ నువ్వెవరి పక్షం అని మాత్రం ఎక్కడా అడగలేదు. పైగా ఒకసారి పాసయితే మళ్లీ రాయక్కర్లేదు.

మీ పద్ధతి అలా కాదు. హాల్ టికెట్ ఉండదు, సోమవారం పొద్దున ఆఫీసు ప్యాంట్రీలో కెటిల్ నీళ్లు మరిగేలోపు పెట్టేస్తారు. “నిన్న మీవాళ్లు భలే ఆడారే!” అంటాడు ఒకాయన, మగ్గులో టీ బ్యాగు వేసుకుంటూ. మంచివాడే. నా పేరు సరిగ్గా పలకడం కోసం వారం రోజులు కష్టపడినవాడు. ఇప్పుడు నేనేమనాలి? “థాంక్స్” అంటే ఆ గెలుపుకి నేను జవాబుదారీ అయ్యాను, పాస్‌పోర్టు దండగ. “మావాళ్లు ఓడిపోయారు” అంటే వెటకారం చేస్తున్నాననుకుంటాడు. “నేను చూడలేదు” అంటే పచ్చి అబద్ధం, రాత్రంతా హైలైట్స్ చూసి కళ్లు ఎర్రగా ఉన్నాయి. అందుకని పాలు ఎక్కడున్నాయని అడిగేవాణ్ణి. పాలు ఎప్పుడూ ఫ్రిజ్‌లోనే ఉండేవి.

అదే ఆఫీసులో దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన తెల్లాయన ఒకరు ఉండేవారు. రగ్బీ మ్యాచ్ ఉందంటే చాలు, ఆకుపచ్చ జెర్సీ వేసుకొచ్చి డెస్కు మీద వాళ్ల దేశం జెండా పాతేవారు. అందరూ ఎంత ముచ్చటగా ఉందో అని ఫొటోలు తీసుకునేవాళ్లు. ఆయన్ని మీరు ఒక్కసారీ పరీక్షకు పిలవలేదు. వయసు మినహాయింపా, రంగు మినహాయింపా అని నోటిఫికేషన్‌లో రాస్తే మాకూ తెలిసేది.

మీ మినహాయింపుల జాబితా పెద్దదే లెండి. బ్యాటర్ ఒంటి మీదికి బంతులేయించే ‘బాడీలైన్’ ఎత్తుగడతో పేరుమోసిన డగ్లస్ జార్డిన్ బొంబాయిలో పుట్టారు. 1933 డిసెంబర్‌లో మన గడ్డ మీద జరిగిన మొట్టమొదటి టెస్టు ఆ బొంబాయిలోనే, ఇంగ్లండ్ కెప్టెనూ ఆయనే. పుట్టిన ఊరి మీదికే జట్టుని తీసుకొచ్చినందుకు ఆయన్ని నిలదీసిన దాఖలా నాకు కనబడలేదు. బెన్ స్టోక్స్ న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో పుట్టి, 2019 ప్రపంచ కప్ ఫైనల్లో అదే న్యూజిలాండ్ మీద అజేయంగా 84 కొట్టాడు. చప్పట్లు. నేనూ కొట్టాను. కరాచీలో పుట్టిన అజీమ్ రఫీక్ మాత్రం ఇంగ్లండ్ అండర్-19కి, యార్క్‌షైర్‌కి కెప్టెన్సీ చేసి కూడా, డ్రెస్సింగ్ రూములో తనని ఏమని పిలిచేవాళ్లో 2021 నవంబర్‌లో పార్లమెంటు కమిటీ ముందు కూర్చుని కన్నీళ్లతో చెప్పాల్సి వచ్చింది. ఇంగ్లండ్ తరఫున అరవడమే కాదు, ఏకంగా ఆడినవాడండీ. మీ లెక్కలో అతనికి ఎన్ని మార్కులు?

సరే, తెల్లవాళ్లనే అంటే అన్యాయం. మీ దగ్గర తప్పిన మావాళ్లు ట్యూషన్ సెంటర్లు పెట్టుకున్నారు. 2014 సెప్టెంబర్‌లో ఎడ్జ్‌బాస్టన్‌లో టీ20. మొయిన్ అలీ పుట్టింది ఆ బర్మింగ్‌హామ్‌లోనే, వేసుకుంది ఇంగ్లండ్ జెర్సీయే. టెబిట్ గారు చూస్తే నూటికి నూరు వేయాల్సిన కుర్రాడు. బంతి అతని దగ్గరికి వెళ్లినప్పుడల్లా స్టాండ్లన్నీ గోల చేశాయి. చేసింది ఎక్కువగా భారత్ జెర్సీల్లో వచ్చిన మనవాళ్లే. జట్టు సరిగ్గానే ఎంచుకున్నాడు, పేరు మాత్రం మనకు నచ్చలేదు. (ఆఖరి ఓవర్లో ధోనీ మన రాయుడికి సింగిల్ ఇవ్వకుండా మూడు పరుగులతో ఓడిన మ్యాచ్ అదే. ఆ రోజు గోల చేయాల్సిన విషయం అదొక్కటే అని నా అభిప్రాయం.)

ఇక మీ హైదరాబాద్ బ్రాంచి సంగతి. బాగా నడుస్తోంది, దిగులు పడకండి. నేను తిరిగొచ్చి అద్దెకి ఇల్లు వెతుక్కున్నప్పుడు ఫోన్లో ఓనర్లు ముందు జీతం అడగలేదు, ఇంటిపేరు అడిగారు. ఇంటిపేరుతో తేలకపోతే ఏ ఊరు, ఊరితో తేలకపోతే మేనమామలది ఏ ఊరు. అప్పటికీ తేలకపోతే “నాన్‌వెజ్ వండుతారా?” అని చివరి రౌండు. ఆ ఓనర్లలో ఒకాయన కూతురు మాంచెస్టర్‌లో ఉందట. అక్కడ ఇండియన్లకి ఇళ్లు ఇవ్వడానికి వెనకాడుతున్నారని, ఎంత అన్యాయమో చూడమని నాకే చెప్పుకుని బాధపడ్డారు. బాధపడ్డాక, ఇల్లు వేరేవాళ్లకు మాటిచ్చేశామన్నారు.

2024 జనవరిలో ఉప్పల్ టెస్టుకి ఇంగ్లండ్ వచ్చింది కదా. క్రైస్ట్‌చర్చ్‌లో పుట్టిన కెప్టెన్ గారు దర్జాగా దిగారు. సర్రేలో, అంటే అచ్చమైన ఇంగ్లండ్‌లో పుట్టిన ఇరవై ఏళ్ల షోయబ్ బషీర్‌కి మాత్రం వీసా రాలేదు. తల్లిదండ్రుల మూలాలు పాకిస్తాన్‌వి. అబుదాబిలో జట్టుతో ప్రాక్టీసు చేసిన పిల్లవాడు స్టాంపు కోసం లండన్ వెనక్కి పోయాడు, ఉప్పల్‌లో ఆడనే లేదు. అతను లేకుండానే మనల్ని 28 పరుగులతో ఓడించారనుకోండి. తర్వాతి టెస్టుకి విశాఖలో దిగి, తన మొదటి వికెట్‌గా రోహిత్ శర్మని తీసుకుపోయాడు. మీ ప్రశ్నని మన వీసా ఆఫీసర్లు కూడా ఎంత శ్రద్ధగా వాడుతున్నారో టెబిట్ గారికి తెలిసి ఉంటే మురిసిపోయేవారు.

ఒక్క చోట మీకు దెబ్బ తగిలింది. 2023 ప్రపంచ కప్‌కి పాకిస్తాన్ జట్టు ముందు హైదరాబాద్‌లోనే దిగింది. శంషాబాద్‌లో జనం చేతులూపారు, ఊరు బిర్యానీ పెట్టింది. అక్టోబర్ 10న ఉప్పల్‌లో శ్రీలంక మీద వాళ్లు 345 ఛేదిస్తుంటే, రిజ్వాన్ కండరాలు పట్టేసి కుంటుతూ 131 కొడుతుంటే, స్టేడియం కేకలు పెట్టింది. ప్రపంచ కప్‌లో అంత పెద్ద ఛేదన అంతకు ముందు లేదు. మెట్రోలో స్టేడియం స్టేషన్ నుంచి హబ్సిగూడ దాకా జనం మాట్లాడుకున్నది ఆ బ్యాటింగ్ గురించే. బోగీ మొత్తం మీ పరీక్ష తప్పింది.

అయితే ఆ వారం ముగిసింది, మీరు మళ్లీ కుర్చీలో కూర్చున్నారు. మా హైదరాబాద్ బౌలర్ మహమ్మద్ సిరాజ్‌ని మీరు ఎన్నిసార్లు రాయించారో ఒకసారి చెప్పుకోవాలి. 2019 ఐపీఎల్‌లో పరుగులు ఎక్కువిస్తే, క్రికెట్ మానేసి మీ నాన్నతో కలిసి ఆటో నడుపుకో అని మనవాళ్లే రాశారని అతనే చెప్పుకున్నాడు. 2020 నవంబర్‌లో ఆ నాన్న పోయారు. కొడుకు ఆస్ట్రేలియాలో ఉన్నాడు, అంత్యక్రియలకు రాలేదు, ఆడటానికి ఉండిపోయాడు. రెండు నెలలు తిరక్కముందే సిడ్నీలో బౌండరీ దగ్గర నిలబడితే స్టాండ్‌లోంచి జాతి తిట్లు. అతను అంపైర్ దగ్గరికి నడిచి వెళ్లి చెప్పాడు. ఆట ఆగింది, ఆరుగురిని లేపి బయటికి పంపారు. తిట్లు నిజమేనని, కానీ తిట్టింది ఆ ఆరుగురు కాదని తర్వాత ఆస్ట్రేలియా బోర్డు తేల్చింది. ఆ సిరీస్ గెలిచి వచ్చాక శంషాబాద్ ఎయిర్‌పోర్టు నుంచి నేరుగా తండ్రి సమాధి దగ్గరికి వెళ్లాడు.

2025 ఆగస్టులో ఓవల్ టెస్టు. ఆదివారం సాయంత్రం మా అపార్ట్‌మెంట్ కమిటీ గదిలో అందరం చూస్తున్నాం. ఫైన్ లెగ్‌లో ఇంగ్లండ్ బ్యాటర్ బ్రూక్ క్యాచ్ పట్టిన సిరాజ్ ఒక్క అడుగు వెనక్కి వేశాడు, మడమ బౌండరీ తాడు మీద పడింది, ఔట్ కాస్తా సిక్సర్ అయింది. బ్రూక్ అప్పటికి 19, తర్వాత 111 దాకా పోయాడు. మూడో అంతస్తు అంకుల్ రిటైర్డ్ బ్యాంకు మేనేజర్. పల్లీలు ఒలుచుకుంటూ, టీవీ మీంచి కళ్లు తిప్పకుండా, “నేను ముందునుంచి చెప్తనే ఉన్న. గిసుంటోళ్లని నమ్మొద్దు” అన్నారు. తాడు తొక్కిన కాలు గురించి కాదని గదిలో అందరికీ తెలుసు. ఎవ్వరూ ఏమీ అనలేదు. వాచ్‌మన్ ఖాజా అప్పుడే టీ గ్లాసులు తెచ్చాడు. అంకుల్ ఒకటి తీసుకుని, చక్కెర తక్కువైందన్నారు.

సోమవారం సాయంత్రం. ఇంగ్లండ్‌కి ఇంకా ఏడు పరుగులు కావాలి. భుజానికి గాయమైన వోక్స్ ఒక చేయి స్వెట్టర్ లోపల కట్టుకుని, ఆఖరి బ్యాటర్‌గా అవతలి ఎండ్‌లో నిలబడ్డాడు. సిరాజ్ యార్కర్ వేశాడు, అట్కిన్సన్ స్టంపు లేచిపోయింది. ఆరు పరుగులతో గెలుపు. కుర్చీ పడేసి లేచిన మొదటి మనిషి అంకులే. “మనోడు! పక్కా హైదరాబాదీ! నేను టోలిచౌకి బ్రాంచిల చేసినప్పుడు వాళ్లిల్లు మా ఎదురు గల్లీలనే! డీఎస్పీ సాబ్!” సర్కారు 2024లోనే అతనికి డీఎస్పీ పోస్టు ఇచ్చింది. మా అంకుల్ పోస్టింగు ఇరవై నాలుగ్గంటలు ఆలస్యమైంది.

ఆ ఊపులోనే ఆయన నా వైపు తిరిగి, భుజం మీద చరిచి, “ఏం బాబూ, మీవాళ్లు ఓడిపోయిండ్రు గదా!” అన్నారు. గదంతా నవ్వింది. గొంతు పోయేలా అరిచిన నేను, ప్యాంట్రీలో లాగే, పాలు ఎక్కడున్నాయని అడుగుదామని చూశాను. కమిటీ గదిలో ఫ్రిజ్ లేదు.

కాబట్టి నా విన్నపం ఇదండీ. మా ఊళ్లో పరీక్షలు రద్దు కావడం కొత్త కాదు. గ్రూప్-1 ప్రిలిమ్స్ ఒకసారి పేపరు లీకై, ఇంకోసారి కోర్టు తీర్పుతో రద్దయింది. మీ పేపరు 1990లోనే లీకయింది, ఇంకా రద్దు కాకపోవడమే వింత. రద్దు కుదరదంటే కనీసం ‘కీ’ విడుదల చేయండి. 2024 జూన్‌లో న్యూయార్క్‌లో ముంబయి పిల్లవాడు, ఒరాకిల్ ఇంజినీరు సౌరభ్ నేత్రవల్కర్ అమెరికా తరఫున కోహ్లీని మొదటి బంతికే వెనక్కి పంపాడు. డల్లాస్‌లో ఉన్న మా పిన్ని కొడుకు సోఫాలోంచి లేచి, అరవబోయి, ఆగి, మళ్లీ కూర్చున్నాడట. ఆ రెండు సెకన్లకి మార్కులు ఎలా వేస్తారో రాయండి. వాడు ఇంకా ఫలితం కోసం చూస్తున్నాడు.

ఇట్లు,
రెండు దేశాల్లోనూ సప్లిమెంటరీ రాస్తున్న అభ్యర్థి,
హబ్సిగూడ, హైదరాబాద్.

తా.క.: మూడో అంతస్తు అంకుల్ మనవడు న్యూజెర్సీలో క్రికెట్ బాగా ఆడుతున్నాడు, అక్కడి జూనియర్ జట్టు సెలెక్షన్‌కి పిలిచారు. నిన్న లిఫ్టులో చెప్పారు. మార్నింగ్ వాక్‌కి వేసుకోవడానికి అమెరికా జెర్సీ తెప్పించుకుంటున్నారు, ఎక్స్‌ఎల్ సైజు. మనవడు ఇండియా మీద ఆడాల్సి వస్తే ఎట్లా అని అడుగుదామనుకున్నాను గానీ ఆయన ఫ్లోరు వచ్చేసింది.