డీజే బాక్సుగారికి ఓ విన్నపం

మహారాజశ్రీ డీజే బాక్సుగారికి,

కోనసీమ కాలవగట్టు నుంచి నమస్కారాలండి. మాఘమాసం ముహూర్తాల్లో తమరికి క్షణం తీరికుండదు, అయినా రాయక తప్పట్లేదు. మొన్న రాత్రి తమరు ట్రాక్టరెక్కొచ్చి మా వీధి మొదట్లో ఆగారు. మా వంటింటి గట్టు మీది స్టీలు గ్లాసు దానంతటది అంచుదాకా నడిచి, కింద పడింది. ఎవరూ ముట్టుకోలేదండి.

తమరి వాదన నాకు తెలుసు. "నా దగ్గరి గాలి మీ ఇంటికి రాలేదుగా" అంటారు. నిజమే. తమరి కోను (బాక్సు లోపల ముందుకీ వెనక్కీ ఊగే గరాటు) నెట్టిన గాలి పక్క గాలిని నొక్కి మళ్లీ తన చోటికే వెళ్లిపోతుంది. ఆ నొక్కడమే ఒకదాన్నుంచి ఒకదానికి అంటుకుంటూ సెకనుకు సుమారు 340 మీటర్ల చొప్పున వచ్చేస్తుంది. అల వెళ్లే దారిలోనే గాలి ముందుకీ వెనక్కీ ఊగుతుంది కాబట్టి ఇది అనుదైర్ఘ్య తరంగం. తమరి నెత్తిన తిరిగే రంగు లైట్లది తిర్యక్ తరంగం, అంటే ఊపు అల వెళ్లే దారికి అడ్డంగా ఉంటుంది. దానికి గాలి కూడా అక్కర్లేదు, పైగా కర్టెన్ వేస్తే ఆగే మర్యాద ఉంది.

కాలవలో రాయి వేస్తే అల గట్టుదాకా వస్తుంది, గుర్రపుడెక్క మాత్రం ఉన్నచోటే ఊగి ఊరుకుంటుంది. (నీటి అలలో రెండు రకాల ఊపూ కలిసే ఉంటుంది, నీళ్లు గుండ్రంగా తిరుగుతాయి.) అంతర్వేది కెరటం కూడా ఎక్కడో నడిసంద్రంలో గాలి ఇచ్చిన శక్తినే మోసుకొచ్చి ఒడ్డున ఖర్చు పెడుతుంది. కాకపోతే దాన్ని చూడ్డానికి మేం బస్సెక్కి వెళ్తాం. తమరు ఇంటికే వచ్చేస్తారు.

తలుపులేశాం. పాటలో మాటలన్నీ దాదాపు బయటే ఆగిపోయాయి, దబ్ దబ్ మాత్రం లోపలికొచ్చింది. 50 హెర్ట్జ్ మోతంటే, అంటే సెకనుకు 50 ఊపులు, ఒక్కో అల దాదాపు 7 మీటర్ల పొడవు. దానికి మా గోడ ఓ లెక్కా? మూల తిరిగొస్తుంది, గోడనే ఊపుకుంటూ వస్తుంది. పెళ్లివారికి పాట, మాకు దరువు. ఏ పాటకో కూడా తెలియని దరువు!

2000లో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనల్లో ఇళ్ల మధ్య రాత్రి పరిమితి 45 డెసిబెల్స్. 10 డెసిబెల్స్ పెరిగితే శక్తి పది రెట్లు. మా గుమ్మం దగ్గర తమరు 95 మోగారనుకుందాం, అంటే లక్ష రెట్లు. తమరి ఆపరేటర్ని అడిగితే "కొంచెం ఎక్కువైనట్టుందండీ" అన్నాడు.

కోను ఊపు సగానికి తగ్గిస్తే చాలు, శక్తి నాలుగో వంతుకు దిగుతుంది. పెళ్లికొడుకు ఫ్రెండ్స్ ఒప్పుకోరంటారా, అయితే కొబ్బరితోటలు దాటి ఏటిగట్టు మీద ఆగండి. అక్కడ వినేవాళ్లెవరుంటారని అడుగుతారేమో. ఇక్కడ మాత్రం ఎవరు వింటున్నారండీ? ఆ ఆపరేటర్ చెవుల్లో దూది నేను కళ్లారా చూశాను.

ఇట్లు,
వీధి మొదటి ఇంటివాడు