ఆ మెసేజ్ రాసినాయన రాత్రి రెండింటికి లేచి చూశాడా?

"కన్నవాళ్లను ఇంట్లోనే చూసుకోండి. ఖర్చు తక్కువ, ప్రేమ ఎక్కువ. ఆశ్రమంలో చేర్చారంటే వదిలించుకున్నట్టే. అక్కడికి వెళ్లినవాళ్లు ఎన్నాళ్లో బతకరు." కింద దండం పెడుతున్న చేతుల బొమ్మ.

ఈ మెసేజ్ నాకు ఈ ఏడాది ముగ్గురు పంపారు. ఆ ముగ్గురిలో ఎవరూ మంచాన పడ్డ మనిషికి ఒక్క రాత్రయినా డైపర్ మార్చి ఉండరని నా అనుమానం. మా నాన్నగారికి పక్షవాతం వచ్చాక రెండేళ్లు నేను మార్చాను, ఇంట్లోనే. కాబట్టి ఇంట్లో చూసుకోవడం మీద నాకేం కోపం లేదు. కోపమంతా ఈ నాలుగు ముక్కల మీదే.

"ఖర్చు తక్కువ"

వారానికి 168 గంటలు. రోజుకు ఎనిమిది గంటల చొప్పున ఆరు రోజులు మనిషిని పెట్టుకుంటే 48 గంటలు గడుస్తాయి. మిగతా 120 గంటలు ఎవరు చూస్తారు? ఇంట్లో ఒకరు, చాలాసార్లు కూతురో కోడలో, ఉద్యోగం మానేస్తారు. పోయిన ఆ జీతాన్నీ, ఆవిడ నడుంనొప్పినీ ఎవరూ లెక్క రాయరు కాబట్టి ఖర్చు లేదనిపిస్తుంది.

పోనీ, అన్ని గంటలకూ మనుషుల్ని పెడదాం. వారానికి 21 షిఫ్టులు. ఒక్కొక్కరు ఆరు చేసినా నలుగురు కావాలి. ఒక్క మనిషి కోసం నలుగురి జీతాలు! వృద్ధుల హోమ్‌లో అయితే రాత్రి డ్యూటీ మనిషి జీతాన్ని పదిమంది పంచుకుంటారు. పొద్దున, సాయంత్రం కాస్త సాయం చాలినంత కాలం ఇల్లే చవక. రాత్రి కూడా మనిషి మెలకువగా ఉండాల్సిన రోజు వచ్చిందంటే లెక్క తిరగబడొచ్చు. జర్మనీ 1995లో, జపాన్ 2000లో ఇలాంటి సంరక్షణ కోసమే విడిగా తప్పనిసరి బీమా పెట్టాయి. ఖర్చు లేని పనికి బీమా ఎందుకు?

"ప్రేమ ఎక్కువ"

నాకు అన్నిటికంటే ఒళ్లు మండేది ఇక్కడే. ప్రేమకేం తక్కువ లేదు. ఆ ప్రేమతోనే నాన్నగారు మంచంలో కిందికి జారినప్పుడల్లా చంకల కింద చేతులు పెట్టి పైకి లాగేదాన్ని. పదిహేను రోజులకు నడుము కింద, వెన్ను చివర, చర్మం ఎర్రబడింది. వేలితో నొక్కితే తెల్లబడలేదు. ఏదో దద్దురనుకుని పౌడర్ రాశాను. మూడోనాటికి చర్మం లేచిపోయింది.

ఇంటికి వచ్చిన నర్సు చూసి, "మీరు లాగుతుంటే ఎముక జరుగుతోంది, చర్మం దుప్పటికి అతుక్కుని అక్కడే ఉండిపోతోంది. ఇది పుండమ్మా" అంది. ఒక దుప్పటిని మడిచి భుజాల నుంచి తొడల దాకా ఆయన కింద పరిచింది. నేనో పక్క, తనో పక్క అంచులు చుట్టి పట్టుకున్నాం. ఒకటి, రెండు, మూడు... ఆయన్ని ఈడ్వలేదు, ఎత్తి జరిపాం. పిక్కల కింద దిండు పెట్టి మడమలు గాలిలో ఉండేలా చేసింది. పక్కకు తిప్పాల్సిన వేళల కాగితం గోడకు అంటించింది. అంతా కలిపి పది నిమిషాల పాఠం. ఆ పాఠం ముందే తెలియక పడిన పుండు మానడానికి నాలుగు నెలలు పట్టింది.

నోటికి అందించడమూ అంతే. పడుకోబెట్టి తల వెనక్కి వంచి నీళ్లు పోస్తే అవి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. మింగడం కష్టమైనవాళ్లకు చాలాసార్లు చిక్కటి ద్రవం కన్నా మామూలు నీళ్లే ప్రమాదం. ఇవి ప్రేమతో తెలిసే విషయాలు కావు, ఎవరో నేర్పాలి.

"చేర్చారంటే వదిలించుకున్నట్టే"

ఈ మాట వెనక ఇల్లు, ఆశ్రమం, రెండే దారులన్న భ్రమ ఉంది. పగలు డేకేర్‌లో ఉంచి రాత్రికి ఇంటికి తెచ్చుకోవచ్చు. చూసుకునేవాళ్లు ఊపిరి తీసుకోవడానికి రెండు వారాలు మాత్రమే ఎక్కడైనా ఉంచొచ్చు. స్నానానికీ, మందులకీ సాయముంటే చాలు, మిగతాదంతా సొంతంగా చేసుకోగలరంటే అసిస్టెడ్ లివింగ్ ఉంది. రోజంతా నర్సు కావాలంటే నర్సింగ్ హోమ్. మనం ఆ పేరుతో పిలిచే చిన్న ఆసుపత్రి కాదిది, మనిషి ఏళ్ల తరబడి ఉండే చోటు. డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఉన్నవాళ్ల కోసం నెదర్లాండ్స్‌లో హోగెవేక్ అని ఒక చిన్న ఊరే కట్టారు, 2009 నుంచి నడుస్తోంది. వాళ్లు వీధిలో తిరుగుతారు, దుకాణానికి వెళ్తారు. నయం కాని జబ్బుతో చివరి రోజుల్లో ఉన్నవాళ్లకు, నొప్పీ బాధా తగ్గిస్తూ చూసుకునే హాస్పైస్.

వీటిలో ఏది అన్నది పిల్లల మంచితనాన్ని బట్టి తేలదు. మనిషి రోజువారీ పనులు సొంతంగా ఎంతవరకు చేసుకోగలడో చూడటానికి డాక్టర్లు 1963 నుంచి వాడుతున్న కాట్జ్ సూచీ అని ఒకటుంది. ఆరే ప్రశ్నలు: స్నానం, బట్టలు, మరుగుదొడ్డి, మంచం దిగి కుర్చీలోకి మారడం, మలమూత్రాల అదుపు, తినడం. వీటిలో ఏది ఒంటరిగా చేయలేరు, ఏ వేళల్లో చేయలేరు అన్నది ఒక వారం పాటు కాగితం మీద రాసుకోండి. ఇంట్లోవాళ్ల వాదనలు సగం అక్కడే చల్లారతాయి.

"ఎన్నాళ్లో బతకరు"

ఐసీయూలో ఎక్కువమంది చనిపోతారు కాబట్టి ఐసీయూయే చంపుతోందని అంటామా? చాలామంది బాగా దిగజారాకే హోమ్‌కి వెళ్తారు.

అయితే ఇందులో కొంత నిజం లేకపోలేదు. చోటు మారితే మతిమరుపు ఉన్నవాళ్లు తికమక పడతారు. నిర్లక్ష్యంగా నడిచే హోమ్‌లూ ఉన్నాయి. పైగా తన చేతిలో ఏదీ లేదనిపిస్తే మనిషి కుంగిపోతాడు. ఎలెన్ లాంగర్, జుడిత్ రోడిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1976లో ప్రచురించిన ప్రయోగంలో, ఒక నర్సింగ్ హోమ్‌లో ఒక అంతస్తు వాళ్లకు చిన్న చిన్న నిర్ణయాలు వదిలేసి, సొంతంగా చూసుకోమని తలా ఒక మొక్క ఇచ్చారు. ఇంకో అంతస్తులో మొక్కలూ పనులూ అన్నీ సిబ్బందే చూసుకున్నారు. మొదటివాళ్లే ఎక్కువ చురుగ్గా, సంతోషంగా కనిపించారు. ఇంట్లో ఉంచుకుని "నువ్వు కూర్చో నాన్నా, నీకెందుకు" అంటూ ఉండేవాళ్లు కూడా దీన్ని కాస్త ఆలోచించాలి.

హోమ్ చూడటానికి వెళ్తే ముందుగా చెప్పకుండా, చీకటి పడ్డాక వెళ్లండి. లాబీలో సోఫాలు కాదు, మంచాన ఉన్నవాళ్ల గోళ్లు చూడండి. రాత్రి డ్యూటీలో ఎంతమంది ఉంటారో, ఎంతమందిని చూస్తారో అడగండి. బెల్ నొక్కితే ఎంతసేపటికి వస్తున్నారో అక్కడే కూర్చుని గమనించండి. ఇంకో ప్రశ్న కూడా, చాలామంది అడగనిది: "ఏ స్థితి వస్తే మీరు ఇక ఉంచుకోరు?" సంతకం పెట్టక ముందే, ఆ జవాబు కాగితం మీద రాయించుకోండి.