సున్నా కూడా రాయాలి

పైపర్స్ క్రీక్‌లో సాల్మన్ చేపలు లెక్కపెట్టి వచ్చానని కిందటేడు మన తెలుగు సంఘం సమావేశంలో చెబితే, ఒక పెద్దాయన నవ్వి, "లెక్కలెందుకమ్మా, పులుసు పెట్టక?" అన్నారు. పుస్తెలమ్మి అయినా పులస తినాలనే గోదావరి వాళ్లం, ఆ మాట రాకపోతేనే వింత. అయితే ఆ పులస కూడా సాల్మన్ లాగే సముద్రం వదిలి గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురీదేదే.

సియాటిల్ ఉత్తర కొసన, కార్కీక్ పార్కులో ఉంది ఈ వాగు. నవంబరులో చమ్ అనే రకం సాల్మన్ వస్తాయి. నీటి మీది మెరుపు అడ్డుపడకుండా పోలరైజ్డ్ కళ్లద్దాలు పెట్టుకున్నా, మొదట నాకు రాళ్లే కనబడ్డాయి. కాసేపటికి అందులో ఒక రాయి కదిలింది. ఆడచేప పక్కకు ఒరిగి, గుడ్ల కోసం తోకతో కంకరను కొట్టి గుంట తవ్వుతోంది. కొట్టి కొట్టి తోక అంచు తెల్లగా అరిగిపోయింది. వెనక రెండు మగచేపలు కొట్లాడుకుంటున్నాయి. ఆ రెండింటినీ నేను నాలుగుగా రాశాను, పక్కనున్నావిడ దిద్దించింది.

వాగుల గట్లన మొక్కలు నాటాం, నీళ్లలో దుంగలు వేశాం, ఇంకా లెక్కలు దేనికని అడిగేవారికి సియాటిల్‌లోనే ఉన్న మరో వాగు, లాంగ్‌ఫెలో క్రీక్ సంగతి చెబుతాను. 1990ల చివర్లో, బాగుచేసిన వాగుల్లోకి చేపలు వస్తున్నాయో లేదో చూడబోయినవారికి, వచ్చిన కోహో అనే మరో రకం సాల్మన్ గుడ్లు పెట్టకముందే చచ్చి కనిపించాయి. ఆడచేప పొట్ట కోస్తే గుడ్లన్నీ లోపలే ఉన్నాయి. లాంగ్‌ఫెలోలో కొన్నేళ్లు సగానికి పైగా ఆడ కోహోలు అలాగే పోయాయి. వాన పడితే చస్తున్నాయని తెలిసింది కానీ, కారణం బయటపడేసరికి 2020 డిసెంబరు వచ్చింది. టైరు రబ్బరును గాలిలోని ఓజోన్ నుంచి కాపాడటానికి కలిపే 6పీపీడీ అనే రసాయనం, ఆ ఓజోన్‌తోనే కలిసి 6పీపీడీ క్వినోన్ అనే విషమవుతుంది. అది రోడ్డు మీది వాననీటితో వాగులో పడుతోంది. అవే నీళ్లలో చమ్ బతుకుతుంది! "చేపలున్నాయి, వాగు బాగుంది" అని దూరం నుంచి చూసి వెళ్లిపోయేవాడికి ఇది ఎన్నటికీ తెలియదు.

సియాటిల్ పక్కనున్న బెల్వ్యూ, రెడ్మండ్ నుంచి రోజూ 405, 520 రోడ్లెక్కే మన కార్ల టైర్లూ అరుగుతున్నాయి. ఆ వాననీటిని మట్టి పొరల గుండా వడకట్టి వదిలితే కోహోలు బతుకుతున్నాయని ప్రయోగాల్లో తేలింది. ఆ ఏర్పాటు ముందు ఏ వాగుకు కావాలో, చేశాక పనిచేసిందో లేదో చెప్పాల్సింది ఈ లెక్కలే.

మన సంఘం ఏటా ఏప్రిల్‌లో ఒక పూట చెత్త ఏరుతుంది, బ్యానరు పట్టుకుని ఫోటో దిగుతుంది. మంచిదే, నేనూ ఆ ఫోటోల్లో ఉన్నాను. ఈసారి మాత్రం పది కుటుంబాలు ఒక వాగును పట్టుకుని, సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా వారానికి రెండుసార్లు, పావుగంట చొప్పున గట్టున నిలబడాలని నా కోరిక. ఫోటోకు పనికొచ్చేది ఏమీ ఉండకపోవచ్చు.

చేపలు కనబడకపోతే పిల్లలు విసుగెత్తిపోతారని కొందరి భయం. విసుగెత్తుతారు, నిజమే. మా ఇంటి దగ్గరి వాగు గట్టున ఒక సాయంత్రం వానలో తడిసి, ఒక్క చేపా కనబడక, మా అమ్మాయి లెక్క రాసే కాగితంలో ఆ రోజు గడి ఖాళీగా వదిలేసింది.

"ఖాళీగా ఉంటే మనం రాలేదనుకుంటారు" అన్నాను.

పెన్సిలు మళ్లీ తీసి, కాగితం చిరిగేంత గట్టిగా సున్నా చుట్టింది.