సవరణ: 2024 జూలై 19 బ్లూ స్క్రీన్‌లకు కారణం విండోస్ అప్‌డేట్ కాదు

అప్‌డేట్ తర్వాత బూట్ కాని కంప్యూటర్ల గురించిన పాత పోస్టులో, 2024 జూలై 19న విండోస్ కంప్యూటర్లు బ్లూ స్క్రీన్‌తో (సిస్టమ్ ఆగిపోయినప్పుడు కనిపించే నీలి తెర) ఆగిపోయిన గందరగోళాన్ని విండోస్ అప్‌డేట్ ఖాతాలో వేశాను. అది సరికాదు. ఆ రోజు వచ్చింది క్రౌడ్‌స్ట్రయిక్ సంస్థ తన ఫాల్కన్ భద్రతా సాఫ్ట్‌వేర్‌కు పంపిన ఒక చిన్న ఫైలు. ఫాల్కన్ డ్రైవర్ విండోస్ కెర్నెల్‌లో (సిస్టమ్ మొత్తాన్ని నడిపే కీలక భాగం), బూట్ సమయంలోనే లోడ్ అవుతుంది. ఆ ఫైలు చదవగానే సిస్టమ్ మొత్తం కుప్పకూలేది. రీస్టార్ట్ చేస్తే మళ్లీ అదే బ్లూ స్క్రీన్. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం దెబ్బతిన్నవి దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు. ఫాల్కన్ లేని కంప్యూటర్ల జోలికి అది రాలేదు.

అందుకే ‘ఆటోమేటిక్ అప్‌డేట్‌లు ఆపేయండి’ అన్న సలహా తీసేశాను. విండోస్ అప్‌డేట్‌లు ఆపినా ఆ ఫైలు ఆగేది కాదు, దాని దారే వేరు.

పాత పోస్టులో, సేఫ్ మోడ్‌లోకి (విండోస్‌ను కనీస భాగాలతో తెరిచే పద్ధతి) వెళ్లి ‘సి-00000291’తో మొదలయ్యే ఫైలు తీసేయాలన్న భాగం సరైనదే. కానీ ఒక మెలిక ఉంది. డ్రైవ్‌కు బిట్‌లాకర్ (డేటాను తాళం వేసి ఉంచే విండోస్ సదుపాయం) ఉంటే, లోపలికి వెళ్లాలంటే ముందు 48 అంకెల రికవరీ కీ కావాలి. అసలు టెన్షన్ అక్కడే. కీలు దాచిన సర్వరే పడిపోతే ఇక చెప్పేదేముంది! ఆ కీని అదే కంప్యూటర్‌లో కాకుండా వేరేచోట రాసి పెట్టుకోండి.